పిడకల గోడ

సోమవారం

తుఫాను గది నా చేతిలో ఉంది కాబట్టి రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టమని సరంగు గారి హుకుం. రాస్తున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి, నన్ను పిలవకండి.

నా పేరు నూకరత్నం. యాభై ఆరేళ్ళు. ఈ ఓడకి కాగితాల్లో ఏదో పొడుగాటి పేరుంది గానీ మేమంతా పంటు అంటాం. గోదాట్లో ఈ రేవు నుంచి ఆ రేవుకి మనుషుల్నీ మోటార్ సైకిళ్ళనీ దాటించే పంటు లాగే ఇది భూమి నుంచి అంగారకుడికి నలభై మందిని దాటిస్తోంది. అది పావుగంటలో చేరుస్తుంది, దీనికి ఏడు నెలలు. మధ్యలో జంతికలమ్మేవాడు కూడా ఎక్కడు. పంటు నడిపేవాణ్ణి సరంగు అంటారు కాబట్టి మా కెప్టెన్ బుల్లబ్బాయి కూడా సరంగు గారే.

సూర్యుడికి తిక్క రేగి కిరణాలు విసిరినప్పుడు అందరం పరిగెత్తుకెళ్ళి దాక్కునేది తుఫాను గదిలో. తిక్క రేగని రోజుల్లో అదే మా వంట సామాన్ల కొట్టు, దేవుడి పటం ఉన్న గదీను. సూర్యుడి సంగతి అలా ఉంచితే, ఎక్కడో ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాల కిరణాలు కూడా రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. వాటికి టైమూ లేదు, సిగ్గూ లేదు. ఒంట్లోంచి దూరిపోతాయి, మిషన్లలోంచి దూరిపోతాయి. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి. అవి అవే.

ఇవాళ ఒకటి అన్నం కుక్కర్ బుర్రలో దూరింది. ఇరవై నిమిషాలు పెడితే పదహారేళ్ళు అని చూపించింది. వంటశాల పెద్ద మాణిక్యాంబ దొడ్డమ్మ గారు దాని నెత్తి మీద ఒక్కటిచ్చి, "కిరణం తగిలిందే దీనికి" అన్నారు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషిని అంగారకుడికి ఎందుకు తీసుకెళ్తున్నారని ఎవరైనా అడిగితే, ఆవిడ చేసిన గోంగూర పప్పు తిన్నాక అడగమంటాం. తిన్నాక ఎవరూ అడగలేదు.

ఈ ఓడలో ఏ తప్పు జరిగినా ఆ ఒక్క మాటే. పప్పు మాడిందా, కిరణం తగిలింది. అలారం పెట్టుకుని మళ్ళీ పడుకున్నావా, కిరణం తగిలింది. మా వాడు పెళ్ళిరోజు మర్చిపోయి పెళ్ళాంతో అదే మాట అన్నాడు. "కిరణం తగిలిందో లేదో గానీ ఇప్పుడు గరిటె తగుల్తుంది" అంది నా కోడలు.

రోజూ చివర రాయాల్సిన మాట: గోడ నిండుగా ఉంది.

బుధవారం

గోడ అంటే ఏంటో రాయలేదని సరంగు గారి ఫిర్యాదు. రేపు అంగారకుడి మీద ఎవరైనా ఇది చదివితే అర్థం కావాలట. సరే.

తుఫాను గది చుట్టూ నాలుగు పక్కలా, పైనా కిందా అరలుంటాయి. ప్రతి అరలోనూ వెండి రంగు సంచి. సంచుల్లో నీళ్ళు, నూనె, బియ్యం, పప్పులు, పచ్చళ్ళు. కిరణాలని ఇనుము కన్నా నీళ్ళూ తిండే బాగా ఆపుతాయట. మరి తిండి తినేస్తే గోడ పల్చబడిపోదా? పడిపోతుంది. అందుకే ఒక కట్టుబాటు ఉంది. ఏ అరలోంచి తిండి తీస్తే ఆ అరలో పిడక పెట్టాలి.

పిడకంటే మనం ఎరిగిన పిడక కాదు. ఓడలో మరుగుదొడ్లున్నాయి. అక్కడ పోగయ్యేదాన్ని ఒక మిషను ఎండబెట్టి, నొక్కి, ఇటుకలా చేసి ఇస్తుంది. వాసన రాదు, పురుగు రాదు. కిరణాల్ని బియ్యం ఎంత ఆపుతుందో అదీ అంతే ఆపుతుంది. తిన్నదే కదా, వేషం మార్చుకుంది, అంతే.

తిండి తీసేది వంటశాల వాళ్ళు కాబట్టి పిడక పెట్టే పని కూడా వాళ్ళదే. నా పనల్లా దీపాలూ, పరుపులూ, కిరణాల్ని లెక్కపెట్టే మూడు పెట్టెలూ చూసుకోవడం. ఒకటి తలుపు దగ్గర, ఒకటి మధ్యలో, ఒకటి మూలన.

ఆ మూలనే నా కోడలు విరజ మంచం. అయిదో నెల. ఓడ ఎక్కినప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరే, దిగేటప్పుడు కడుపులో దాంతో కలిపి ముగ్గురు. ఇక్కడ ఇలాంటిది జరగకూడదని రూలుంది. రూలుకి కూడా కిరణం తగిలిందని మా వాడి వాదన. కడుపులో పిల్లకి కిరణాలు అసలు పనికిరావు కాబట్టి, ఓడలో అన్నిటికన్నా భద్రమైన చోటని డాక్టరు ఆ మూలన పడుకోమన్నాడు.

ఇవాళ మూల పెట్టె మిగతా రెండిటికన్నా ఎక్కువ అంకె చూపించింది. సరంగు గారితో చెప్పాను.

"మూడు పెట్టెలెందుకు పెట్టేరండీ రత్నం గారూ? ఒకదానికి కిరణం తగిలి మతి పోతే మిగతా రెండూ నిజం చెప్తాయని. రెండు ఒక మాట మీదుంటే మూడోదాని మాట కొట్టెయ్యడమే. ఎలక్షన్ లాగండి."

"ఎలక్షన్లో ఓడిపోయినోడు చెప్పిందల్లా అబద్ధమేనాండీ?"

"ఎందుకొచ్చిన గొడవండీ" అని ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మూల పెట్టె మీద 'పిచ్చిది' అని చీటీ కూడా అతికించాడు.

గోడ నిండుగా ఉంది.

శుక్రవారం

పొద్దున్న సూర్యుడు చిన్నగా దగ్గాడు. గంటసేపు అందరం తుఫాను గదిలో కూర్చున్నాం. దొడ్డమ్మ గారు అటుకుల ఉప్మా పంచారు. మూల పెట్టె మాత్రం దొంగని చూసిన కుక్కలా ఒకటే అరుపు. తలుపు పెట్టె, మధ్య పెట్టె పరవాలేదన్నాయి. రెండు ఓట్లు ఒక పక్క, ఒక ఓటు ఒక పక్క. ఓడ కంప్యూటరే దాని నోరు నొక్కేసింది.

కిరణాల దెబ్బ ఎంత పడిందో తెలియడానికి మాకందరికీ మెడలో ఒక్కో బిళ్ళ ఉంటుంది. మామూలుగా తెల్లగా ఉంటుంది, దెబ్బ పడినకొద్దీ పసుపు రంగు, ఆ తర్వాత గోధుమ రంగు. అందరి బిళ్ళలూ తెల్లగానే ఉన్నాయి. విరజది లేత పసుపులోకి దిగింది.

"అత్తయ్యా, ఇదేంటి?" అంది. నవ్వుతూనే అడిగింది గానీ చెయ్యి పొట్ట మీద ఉంది.

"బిళ్ళకి కిరణం తగిలినట్టుంది" అన్నాను. అన్నాక నాకే ఒళ్ళు మండింది. కిరణం తగలడమంటే అదే కదా! దాన్ని చెప్పడానికే కదా ఆ బిళ్ళ ఉంది! ఈ మాట అనీ అనీ నిజంగా తగిలిన రోజున కూడా ఎవరూ నమ్మని స్థితికి వచ్చాం.

నాకు భయం వేస్తోంది. ఎవరితోనూ అనను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

శనివారం

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు మరలు విప్పి మూల పెట్టెని తలుపు దగ్గరికీ, తలుపు పెట్టెని మూలకీ మార్చాను. అరగంట ఆగాను. తలుపు దగ్గరికొచ్చిన పిచ్చి పెట్టె బుద్ధిమంతురాలైపోయింది. ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న తలుపు పెట్టె, మూలకి వెళ్ళగానే అరుపులు మొదలెట్టింది.

పిచ్చి పట్టింది పెట్టెకి కాదు, మూలకి.

విరజ మంచం పక్కన గోడ మీద చెయ్యేసి నొక్కాను. సంచి అప్పడాల పొట్లంలా లోపలికి పోయింది. జిప్పు లాగితే బుస్సుమని గాలి. పక్క సంచీ గాలే. దాని పైదీ, దాని కిందదీ. పైకి మాత్రం వెండి రంగు నిగనిగలాడిపోతోంది. వారాల తరబడి నా కోడలు గాలి గోడ పక్కన పడుకుంది. నేనేమో చెయ్యేసి చూడకుండానే గోడ నిండుగా ఉందని రాశాను.

వంటశాలకెళ్ళి పిడకలేవని అడిగాను. ఒకావిడ గిన్నెలు తోమే చప్పుడు పెంచింది. ఇంకొకాయన ఉల్లిపాయలు తరుగుతూ నాకేం తెలుసండీ అన్నాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. చివరికి దొడ్డమ్మ గారే చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చారు.

"నేనే తీయించేను. అయితే ఏంటంట?"

"ఏంటంటారేంటండీ! అది గోడ!"

"దేవుడి పటం ఉన్న గది, తిండి ఉన్న గది. పైగా కడుపుతో ఉన్న పిల్ల పడుకునే గది. అందులో పెంట పేర్చమంటావా? నీకు చేతులెలా వస్తాయే రత్నం?"

"ఆవు పేడతో ఇంటి గోడంతా పిడకలు కొట్టిన జాతండీ మనది!"

"అది గోమాత. ఇది మన బుల్లబ్బాయి." ఆవిడ గొంతు ఒక్కసారి తగ్గింది. "గదంతా ముట్టుకోలేదే. ఆ పిల్ల పక్కనున్న మూల ఒక్కటే శుభ్రం చేయించేను. పిల్ల మీదికి ఆ గాలి రాకూడదని."

కుళ్ళుతోనో బద్ధకంతోనో చేసి ఉంటే కడిగేసేదాన్ని. ఈవిడ ప్రేమకొద్దీ చేసింది. అన్నిటికన్నా భద్రంగా ఉండాల్సిన మూలని ఏరి మరీ ఖాళీ చేసింది.

తీసిన పిడకలు వారానికోసారి చెత్త తలుపులోంచి ఆకాశంలోకి పారేశారట. గంగలో కలిపినట్టేనని ఆవిడ ఉద్దేశం. ఈ వారానివి మాత్రం వెనక కొట్టులో ఉన్నాయి.

పరిగెత్తుకుంటూ సరంగు గారి గదికెళ్ళాను. ఆయన చేతిలో భూమి నుంచి వచ్చిన కబురుంది, మొహం తెల్లబోయి ఉంది. సూర్యుడి మీద పెద్ద పేలుడట, సాయంత్రానికల్లా కిరణాల వాన మనల్ని అందుకుంటుందట. నేనేమో రొప్పుతూ పిడకలు, పిడకలు అంటున్నాను.

"రామాయణంలో పిడకల వేటేంటండీ రత్నం గారూ!" అని అరిచాడు.

"వేటాడాల్సింది పిడకల్నేనండీ! మూల గోడ ఖాళీ!"

సంగతంతా చెప్పాను. ఆయన గోడకున్న మైకు అందుకున్నాడు.

ఆదివారం

నిన్న సాయంత్రం నుంచి జరిగిందంతా ఇప్పుడు రాస్తున్నాను. నడుం పట్టేసింది, అక్షరాలు వంకర పోతే భరించండి.

విరజని ఎదురు గోడకి మార్చొచ్చు కదా అన్నాడు మా వాడు. నలభై మంది ఇరుక్కుని కూర్చునే గది అది. చిరిగిన గొడుగు కింద ఎటు జరిగినా తడుస్తాం. వేరే అరల్లోంచి బియ్యం తీసి ఇక్కడ పెడితే అక్కడ కన్నం పడుతుంది. మూల నిండాలి, అంతే.

వెనక కొట్టు నుంచి తుఫాను గది దాకా అందరం వరస కట్టాం. ఇంటికి స్లాబు వేసే రోజున తట్టలు అందుకుంటారే, అలాగే పిడకలు చేతులు మారాయి. మొదట చున్నీలు ముక్కులకి కట్టుకుని, రెండు వేళ్ళతో పట్టుకుని, మొహాలు తిప్పుకుని అందించారు. సరంగు గారికి రెండు సార్లు వాంతి వచ్చినంత పనైంది. "వాసనే లేదు కదండీ!" అన్నాను. "ఆలోచనకి వాసనుంటుందండీ!" అన్నాడు. కాసేపటికి పని ఊపందుకుంది. ఇది నీదిరా, కాదురా నీదే, ఉలవచారు తిన్న వారందిరా ఇది అని ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకుంటూ పరాచికాల్లో పడ్డారు. మిషనులో సగం ఎండినవి ఉంటే అవి కూడా లాగేశాం. వాటి గురించి రాయను.

దొడ్డమ్మ గారు మాత్రం వరసలోకి రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని తలుపు దగ్గర నిలబడి, నిండుతున్న అరల్ని చూస్తూ ఉన్నారు.

కొట్టు ఖాళీ అయింది. మూల నిండలేదు. విరజ మంచం పక్కన, ఇద్దరు మనుషులు వీపులు ఆనించి కూర్చునేంత కన్నం మిగిలింది. ఓడ గంట కొట్టేసింది. నలభై మందీ లోపలికొచ్చారు, తలుపు పడింది. మూలనున్న పెట్టె మొదట గొణిగి, తర్వాత ఏడుపు అందుకుంది.

అప్పుడు దొడ్డమ్మ గారు వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ కన్నంలో కూర్చుని ఖాళీ అరలకి వీపు ఆనించారు.

"ఏంటండీ అది?" అన్నాను.

"నీళ్ళు ఆపుతాయంటారుగా. మనిషంటే మాత్రం ఏంటే, నీళ్ళ తిత్తేగా."

పెట్టె ఏడుపు తగ్గింది. నా కళ్ళతో నేను చూశాను, ఆవిడ కూర్చోగానే అంకె కిందికి దిగింది.

"లేవండి దొడ్డమ్మ గారూ, మీ వయసుకి ఇవన్నీ..."

"నా వయసుకేనే కూర్చోవాల్సింది. ఈ కిరణాల వల్ల జబ్బు ఎన్నేళ్ళకొస్తుందన్నాడు డాక్టరు?"

"ఇరవై ఏళ్ళకట."

"అంటే తొంభై దాకా గ్యారంటీ ఇస్తున్నాడన్నమాట. నన్ను కన్న తల్లి కూడా అంత దీవెన ఇవ్వలేదే!"

గదిలో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ మీద కోపం పోలేదు, ఆ కోపంతోనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇద్దరి భుజాలూ ఒరుసుకున్నాయి, కన్నం మూసుకుపోయింది. పెట్టె ఇంకాస్త తగ్గి, సణుగుతూ ఊరుకుంది.

పెద్ద వాన కురిసింది. శబ్దం ఉండదు, తడి ఉండదు, ఓడకి మాత్రం పూనకం వచ్చింది. బయట వంటశాలలో కుక్కర్ దానంతటదే ఈల వేయడం మొదలెట్టింది. దీపాలు ఆరీ వెలిగీ ఆరాయి. మైకులో ఆడగొంతు "అంగారకుడికి సుస్వాగతం, దయచేసి సామాన్లు సరిచూసుకోండి" అని చెప్పింది. ఎవరో నిజంగానే సంచీ అందుకున్నారు.

"కళ్ళు మూస్తే మతాబులే రత్నం" అన్నారు దొడ్డమ్మ గారు.

నేనూ మూశాను. రెప్పల వెనక ఒకటే మెరుపులు. అవన్నీ మా ఇద్దరి తలల్లోంచీ దూరుతున్నాయని తెలిసి కూడా చూడముచ్చటగా ఉన్నాయి. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ నిజం.

కాసేపటికి యాభై దాటినవాళ్ళంతా వంతులు వేసుకుందామని లేచారు. నా చోట్లో నలుగురు వంతులవారీగా కూర్చున్నారు. దొడ్డమ్మ గారు కదల్లేదు. బుల్లబ్బాయి చెప్పాడు, డాక్టరు చెప్పాడు, విరజ చెయ్యి పట్టుకుని లాగింది. "నీ పని నువ్వు చూసుకో, కడుపులో దాన్ని చూసుకో" అని విదిలించుకున్నారు. నేను మళ్ళీ పక్కన కూర్చునేసరికి ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి.

"శుభ్రం అనుకున్నానే రత్నం" అన్నారు మెల్లిగా. "చేతులారా ఆ పిల్ల పక్కన గోడ తీసేశానే. శుభ్రం అనుకున్నానే."

ఆవిడ చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. అల్లం వాసన వేసింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. విరజ బిళ్ళ నిన్నటి పసుపు మీదే ఉంది, అంతకు మించి దిగలేదు. డాక్టరు పొట్ట మీద యంత్రం పెట్టి విని, లోపలి మనిషికి మా గొడవలేవీ పట్టినట్టు లేవన్నాడు. మా వాడు ఏడ్చాడు. గాడిద, పాతికేళ్ళొచ్చాయి, అయినా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

నా బిళ్ళ బాగా పండిన నిమ్మకాయ. దొడ్డమ్మ గారి బిళ్ళ డికాషన్. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, "పాలు పోస్తే సరిపోను" అన్నారు. డాక్టరు మాత్రం నవ్వలేదు. రోజూ రక్తం చూడాలన్నాడు, ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

మంగళవారం

దొడ్డమ్మ గారికి నిన్నంతా వికారం, నీరసం. వంటశాలకి రావద్దన్నాం. వచ్చారు. ఎవరో చారులో ఉప్పు ఎక్కువేసి కిరణం తగిలిందనబోయి, ఆవిడ్ని చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఇవాళ పొద్దున్న నేను తుఫాను గదిలో పరుపులు దులుపుతున్నాను. సరంగు గారు నిచ్చెనెక్కి, రెండు పెట్టెలు ఒకే మాట చెప్పినా మూడోదాని మాట కూడా వినాలని రాసిన కాగితం అతికిస్తున్నాడు. పాత 'పిచ్చిది' చీటీ జేబులో పెట్టుకున్నాడు. విరజ మంచం మీద కూర్చుని జామ ముక్కలు తింటోంది.

దొడ్డమ్మ గారు మెల్లిగా గోడ పట్టుకుంటూ వచ్చారు. చేతిలో ఒక మూట. పెళ్ళినాటి పట్టుచీర చెంగు కత్తిరించి కట్టింది, జరీ అంచు కనబడుతోంది. మూలకి నడిచి, తను కూర్చున్న చోట, ఈ రెండు రోజుల పిడకలతో పూడగా మిగిలిన ఒక్క అరా తెరిచి, ఆ మూటని లోపల పెట్టి, సంచి జిప్పు లాగారు. లోపలున్నది ఏంటో ఎవరం అడగాల్సిన పని లేకపోయింది. ఆవిడ బిందె దగ్గరికెళ్ళి చేతులు కడుక్కున్నారు, మళ్ళీ కడుక్కున్నారు, వాసన చూసుకుని మళ్ళీ కడుక్కున్నారు.

సరంగు గారు నిచ్చెన మీదే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "మీరేనాండీ దొడ్డమ్మ గారూ! మీరు పిడక పెట్టేరా!"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. మెడలో డికాషన్ రంగు బిళ్ళ అలాగే వేలాడుతోంది, కొత్తది ఇస్తామన్నా తీసుకోలేదు.

"ఏం చెయ్యమంటావురా బుల్లబ్బాయ్" అన్నారు. "కిరణం తగిలింది."

ఆ మాటకి ఈ ఓడలో ఎవరూ నవ్వకపోవడం ఇదే మొదటిసారి. విరజ లేచి వెళ్ళి జామ ముక్క ఒకటి ఆవిడ నోట్లో పెట్టింది. ఆవిడ నములుతూ, ఉప్పూ కారం చాల్లేదని వంక పెట్టి వంటశాలకి వెళ్ళిపోయారు.

మూడు పెట్టెలూ ఒకటే అంకె చూపిస్తున్నాయి. ప్రతి సంచీ చేత్తో నొక్కి చూసి మరీ రాస్తున్నాను: గోడ నిండుగా ఉంది.